తూర్పు హద్దు

సర్వే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు పుంగనూరులో మా ఇంటికి వస్తుంటారు. లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి, పాత నక్షలు ఎలా చదవాలి అని అడుగుతారు. కాఫీ తాగి లేచే ముందు తప్పకుండా ఒక మాట అడుగుతారు. "సార్, మీరెప్పుడైనా తప్పు కొలిచినారా?" లేదంటాను. ముసలాయన గొప్పలు పోతున్నాడని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గొప్పలు పోయే జబ్బు నాకు ముందునుంచీ ఉంది, కాదనను. కానీ తప్పు కొలవలేదన్నది నిజం. నా పనిలో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని పొరపాటు అంగుళం తేడా లేకుండా వచ్చిన ఒక కొలతలో ఉంది. మీరు ఎలాగూ అడుగుతున్నారు కాబట్టి దాన్ని రాసి పెడుతున్నాను.

పుంగనూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా నాకొక గది ఉండేది. అందులో సగం నాది, సగం దస్తావేజులు రాసే మిత్రుడిది. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా పొలం గట్టు ఎక్కలేదు, బురదంటే అసహ్యం. నేను ఏ కాగితాన్నీ చివరిదాకా చదవలేదు, ఓపిక లేదు. "నువ్వు నేల చదువు, నేను కాగితం చదువుతా, ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అనేవాడు. ఎక్కువ సార్లు ఆ మాట నిజమయ్యేది.

మా మెట్ట పక్కన సర్వే అంటే రాయి. హద్దురాయి దొరికిందంటే సగం తగాదా తీరినట్టే. పూర్వం రాయి పాతేముందు గుంతలో నాలుగు బొగ్గులు వేసేవాళ్ళు. రాయిని ఎవడైనా పీకి పక్కకు జరిపినా బొగ్గులు అక్కడే ఉంటాయి, కుళ్ళవు, కదలవు. సోమల మండలంలో ఒకసారి అన్నదమ్ములిద్దరు కొడవళ్ళతో నిలబడి ఉంటే, నేను గడ్డపార తెప్పించి మోకాటి లోతు తవ్వించి బొగ్గు చూపించాను. ఇద్దరూ నోరుమూసుకుని ఇంటికి పోయారు. ఆ తర్వాత నాకొక నియమం పెట్టుకున్నాను. రాయి దగ్గరికి నా కాళ్ళతో నేను నడిచి వెళ్ళకుండా, కంటితో చూడకుండా సంతకం పెట్టను. ఆ నియమాన్ని ఒక్కసారే తప్పాను.

అది ఓ ఏడేళ్ళ కిందటి మాట. శాంతిపురం నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. పద్దెనిమిదో ఏట గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగుకు చేరి, తర్వాత కుప్పం దగ్గర పాలిషింగ్ యూనిట్‌లో చిన్న వాటాదారుడయ్యాడు. అంతకుముందు వాళ్ళ పొలం రెండెకరాలు నేనే కొలిచాను. ఆ పొలం ఆమెది, పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. బోరుబావి, టమోటా తోట, బాగుండే పొలం. నా గదికి ఉన్నవి పన్నెండు మెట్లు. అవి ఎక్కడానికి ఆయన మూడుసార్లు ఆగాడు.

"సార్, సముద్రం ఒడ్డున ఇల్లు కొంటాండాను. మీరొచ్చి కొలవాల" అన్నాడు.

"ఏమప్పా, కుప్పంలో రాళ్ళు అయిపోయినాయా, సముద్రం మీద పడినావు?" అన్నాను ఆట పట్టిస్తూ.

"రాళ్ళు అయిపోలేదన్నా. సగం ఈయన లోపలికే పోయినాయి" అంది ఆమె. నవ్వలేదు. ఆమె నవ్వించే మాటలన్నీ నవ్వకుండానే అనేది.

విషయం ఏమిటంటే, ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. రెండేళ్ళుగా వెల్లకిలా పడుకోలేడు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. ఆమె కూడా ఆయన పక్కన కూర్చునే తెల్లవారబెడుతోంది. మధ్యలో ఒక పెళ్ళికి సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళారు. అక్కడ మూడు రోజులు మామూలు మనిషిలా పడుకుని నిద్రపోయాడు. తిరిగివచ్చిన మర్నాడే మళ్ళీ గోడ. ఇల్లు అక్కడే కొనాలని అప్పుడు పట్టుబట్టాడు. ఆమె పొలం అమ్మాలి, అంతకు మించి వాళ్ళకు వేరే దారి లేదు.

దుమ్ము లేని చోట ఉంచితే రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు అని మదనపల్లె డాక్టరు చెప్పాడట. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు, ఆమె కింద టీ అంగడి దగ్గర ఉన్నప్పుడు. చెప్పి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పోయేవాణ్ణి సార్. భూమి ఆమెది. నా తర్వాత ఆమె తల దాచుకునేదానికి ఆ ఇల్లు నిలవాల. నిలవదంటే నాకొద్దు, ఈడనే గోడకానుకోని పోతా. మీరు సూసి నిలుస్తాదంటే సాలు, నేను ఇంకొకరిని అడగను."

కొలవడానికి పిలిచే మనిషిని ఎవరూ అలా అడగరు. నాకు లోపల పొంగిపోయింది. ఇంత నమ్మకం పెట్టాడే అనుకున్నాను. ఆ పొంగు కూడా నా జబ్బులో భాగమే.

బ్రోకరు పంపిన జిరాక్సు కాగితాలు వాళ్ళు తెచ్చారు. పాత పత్రాలు మూడు, ఒకటి దొరల కాలం నాటి ఇంగ్లీషు చేతిరాత, మిగతా రెండూ చీమలు పాకినట్టున్న తెలుగు. మిత్రుడి బల్ల మీద పడేశాను. "వారం ఆగు, చదివి చెప్తా" అన్నాడు. ఆయన వారం అంటే నెల అని నాకు తెలుసు. ఆగలేదు.

పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కి, తిరుపతిలో మారి, సాయంత్రానికి ముగ్గురం ఆ ఊరు చేరాం. ఊరి పేరు చెప్పను. అక్కడింకా మనుషులున్నారు, ఇళ్ళు అమ్ముకుంటున్నారు, వాళ్ళ కడుపు కొట్టడం నా పని కాదు. ఒకప్పుడు దొరలు ఎండాకాలం గడపడానికి కట్టుకున్న ఊరు. ఎత్తైన తలుపులు, వెడల్పాటి వరండాలు, సున్నం గోడలు. వెలగని లైట్‌హౌసు ఒకటి. పుర్రె బొమ్మలు చెక్కిన సమాధులున్న తోట ఒకటి. ఆదివారాలు కార్లలో వచ్చి ఫొటోలు దిగి పోయేవాళ్ళు తప్ప వీధుల్లో జనం పలచన.

మేము దిగిన చోట గోడ మీద నీలం రేకు కొట్టి ఉంది, నాలుగో వీధి అని. టీ అంగడిలో కూర్చుని ఊరి నక్ష మనసులో వేసుకోవడం నాకు అలవాటు. పడమరగా నడిస్తే ఐదో వీధి, ఆరో వీధి వచ్చాయి. "ఒకటి, రెండు, మూడు ఏ పక్కన?" అని టీ ఇచ్చేవాణ్ణి అడిగాను. వాడు గ్లాసు కడుగుతూ గడ్డంతో తూర్పుకు చూపించాడు. అటు సముద్రం ఉంది. నా ప్రశ్న సరిగ్గా వినలేదేమో అనుకుని, టీ తాగి లేచాను.

ఇల్లు నాలుగో వీధిలోనే, తూర్పు వరసలో. పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన ఒక్కడే ఉంటున్నాడు. ఇల్లు అమ్మేసి హైదరాబాదులో మేనల్లుడి దగ్గరికి పోతున్నాడు. తెల్లటి ధోవతి, ఇస్త్రీ చొక్కా, మాటకు ముందూ వెనకా మర్యాద. పడమర రోడ్డు, ఉత్తరాన సమాధుల తోట ప్రహరీ, దక్షిణాన ఎన్నాళ్ళనుంచో తాళం వేసిన గోడౌను అని హద్దులు చూపించాడు. ఇంటి వెనక పక్కకు తీసుకెళ్ళాడు. వెనక ప్రహరీ సగం కూలి ఉంది. దాని అవతల కొంచెం ఇసుక, ఆ తర్వాత నీళ్ళు.

"తూర్పు హద్దు ఇదేనా?" అన్నాను.

"కాదండీ, ఇంకా ముందుకుంది. పక్కింటివాళ్ళ మెట్టుదాకా మనదే. పొద్దున నీరు వెనక్కి తగ్గాక కనిపిస్తుంది" అన్నాడు.

ఇసుకలో నా పక్కన నడుస్తూ ఒక చోట ఉన్నట్టుండి ఎడమకు తిరిగి, నాలుగడుగులు వేసి మళ్ళీ కుడికి తిరిగాడు. ఎదురుగా ఏమీ లేదు. నేను తిన్నగా వెళ్ళబోతే భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. "అక్కడ వాళ్ళ అరుగు ఉంటుందండీ. చెప్పులతో తొక్కడం ఎందుకు" అన్నాడు.

పాపం, ఒంటరితనం అనుకున్నాను. అయినా నేను కూడా చుట్టూ తిరిగే వెళ్ళాను. ఎందుకు తిరిగానో నాకు తెలియదు. ఆ కాస్త చోట ఇసుక మిగతా ఇసుక కంటే చల్లగా ఉందని చెప్పు లోపలి కాలికి తెలిసింది.

ఆ రాత్రికి అక్కడే ఉండమన్నాడు. మా శాంతిపురం ఆయన వరండాలో చాప మీద నడుం వాల్చి, ఎనిమిది కూడా కాకముందే నిద్రపోయాడు. వెల్లకిలా, నోరు తెరుచుకుని, పసివాడిలా. ఆమె కొంచెం దూరంలో స్తంభానికి ఆనుకుని ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఎగిరిపడని ఆ ఛాతీని నేనూ చూస్తూ కూర్చున్నాను. ఈ ఇల్లు ఎలాగైనా వీళ్ళది కావాలనుకున్నాను. సర్వేయరు అనుకోకూడని మాట అది. కొలవకముందే కొలత ఎలా రావాలో కోరుకున్నాను.

పొద్దున లేచేసరికి పొగమంచు. మా కొండల పక్క మంచు పైనుంచి దిగుతుంది, అక్కడ నీళ్ళ మీదనుంచి లేచి వచ్చింది. పది అడుగుల అవతల మనిషి కనబడడు. అలల చప్పుడు ఎక్కడో దూరంనుంచి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తోంది.

కొలిచే ముందు పక్క హద్దుదారులకు తెలియజెయ్యడం మా పద్ధతి. వాళ్ళు వచ్చి నిలబడాలి, అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆ పద్ధతి గురించి ముందురోజే పెద్దాయనకు చెప్పాను. తోటకు, గోడౌనుకు సంబంధించిన కాగితాలు ఆయన తెచ్చి ఉంచాడు. "తూర్పు వాళ్ళు?" అన్నాను. "పిలుస్తానండీ" అని సమాధుల ప్రహరీ మూల నిలబడి, సముద్రం వైపు తిరిగి చేతులు జోడించాడు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. పది పన్నెండు పేర్లు. "ఇల్లు అమ్ముతున్నాను. కొలుస్తున్నారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి" అన్నాడు. పెద్ద గొంతుతో కాదు, గోడ అవతలి వాళ్ళతో మాట్లాడినట్టే అన్నాడు. తర్వాత కాసేపు విన్నాడు. నేను కూడా విన్నాను. అలల చప్పుడు ఆ కాసేపు లేదు.

"సమ్మతమేనండీ" అన్నాడు నా వైపు తిరిగి.

 నేను టేపు తీసి దులిపాను. రోడ్డు పక్క మూలరాయి దగ్గర టేపు పెట్టె పట్టుకుని నేను నిలబడ్డాను, పెద్దాయన నా పక్కన. టేపు కొస పట్టుకుని శాంతిపురం ఆయన ప్రహరీ వెంబడి తూర్పుకు నడిచాడు. తూర్పు రాయి చేరాక రెండుసార్లు లాగమని చెప్పాను, గొంతెత్తి అరిచే ఓపిక ఆయనకు లేదని. నాలుగడుగుల్లో మంచులో కలిసిపోయాడు. టేపు మెల్లగా పోతోంది. ముప్పై, నలభై, అరవై. ఆగింది. మళ్ళీ కదిలింది, ఈసారి కొంచెం వేగంగా. ఎనభై, నూరు. ఆగింది.

రెండుసార్లు లాగారు.

గట్టి పట్టు. నా ముప్పై ఏళ్ళ పనిలో టేపును అంత నిలకడగా, అంత బిగువుగా పట్టినవాళ్ళు లేరు. వంగి చూశాను. నూట ఇరవై అడుగులు. పత్రంలో ఉన్నదీ నూట ఇరవయ్యే. నాకు ప్రాణం లేచివచ్చింది. పుస్తకంలో రాసుకుని "వదులప్పా" అని కేకేశాను. టేపు చుట్టుకుంటూ ఉంటే చివరి ఇరవై అడుగులు తడిగా నా వేళ్ళ మీదుగా వచ్చాయి. కొస కొక్కేనికి సన్నటి నాచు ఉంది.

అప్పుడు నా వెనక దగ్గు వినిపించింది. శాంతిపురం ఆయన ఇంటి ముంగిట్లోనుంచి, చేతిలో టీ గ్లాసుతో వస్తున్నాడు.

"నువ్వు ఎప్పుడొచ్చినావు?" అన్నాను.

"దగ్గొచ్చె సార్, సగంలోనే తిరుక్కోని వచ్చేస్తి. ఆడ ఒక పెద్దమనిషి నిలబడి ఉండె. 'ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను' అనె. ఇస్తి. ఈ ఇంటాయనే అనుకుంటి" అన్నాడు.

ఈ ఇంటాయన నా మోచేతికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.  నేను ఆయన వైపు చూడలేదు.

ఎవరో చేపల వాడు అయి ఉంటాడు. పొద్దున్నే వల చూసుకోవడానికి వచ్చుంటాడు, సాయం పట్టుంటాడు. నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అప్పుడు నేను చెయ్యవలసిన పని ఒకటే. ఆ నూట ఇరవై అడుగులు నా కాళ్ళతో నడిచి తూర్పు రాయిని కంటితో చూడాలి. పుల్లతోనైనా తవ్వి అడుగున ఏముందో చూడాలి. నడవలేదు. భయపడ్డాను. కొలత సరిపోయింది కదా, ఇంకేం కావాలి అని ఆ భయానికి ఒక సాకు దొరికింది. మంచు విడిపోయేసరికి నీళ్ళు మళ్ళీ ముందుకు వచ్చేశాయి. కూలిన ప్రహరీకి పది అడుగుల్లో నురగ ఉంది.

"నిలుస్తాదా సార్?" అన్నాడు ఆయన.

"నిలుస్తాదప్పా. కొలత అంగుళం తేడా లేదు" అన్నాను.

తిరిగివచ్చి నక్ష గీసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాను. తూర్పు హద్దు అన్న చోట ఇసుక, అవతల సముద్రం అని రాశాను. నెల తిరిగేలోపు శాంతిపురం పొలం అమ్మేశారు. ఆ పొలాన్ని కొన్నవాడికి కొలిచి ఇచ్చింది కూడా నేనే. ఆ రోజు ఆమె గట్టు మీద నిలబడి, ఒక పచ్చి టమోటా తెంపి కొంగులో వేసుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

రిజిస్ట్రేషనుకు నన్ను కూడా రమ్మన్నారు. ఆ ఊరి ఆఫీసు వరండాలో బెంచీ మీద వరసగా కూర్చున్నాం. పెద్దాయన, నేను, శాంతిపురం ఆయన, చివర ఆమె. ఇల్లు ఆమె పేరు మీదే. ఆయన పట్టుబట్టి అలా రాయించాడు. మా వంతు రావడానికి ఇంకా ఇద్దరున్నారు. ఫోను మోగింది. పుంగనూరు మిత్రుడు.

"నీ సముద్రం కాగితాలు ఇయ్యాలే సదివినా. నువ్వు సదివినావా?" అన్నాడు.

"లేదు."

"అయితే విను. మొదటి పత్రంలో తూర్పు హద్దు ఒక ఓడ వ్యాపారి మిద్దె ఇల్లు. రెండో దాంట్లో అదే వ్యాపారి పాడుబడిన ఇంటి స్థలం. మూడో దాంట్లో ఇసుక. నువ్వేమో ఇసుక అవతల సముద్రం అని రాసినావు. కొలత మాత్రం నాలుగింట్లోనూ ఒకటే, నూట ఇరవై. ఎట్లప్పా? ఊరికి తూర్పున మూడు వీధులు ఉండాయంట, మొదటి దాంట్లో రాసుండారు. యాడుండాయి అవి?"

నాకు టీ అంగడివాడి గడ్డం గుర్తొచ్చింది. ఫోను జేబులో పెట్టుకుని పెద్దాయన వైపు తిరిగాను. ఆయనకు అర్థమైనట్టుంది.

"నేనేదీ దాచలేదండీ. పత్రాలన్నీ మీకిచ్చాను. పక్కవాళ్ళ ఎదురుగానే కొలిపించాను" అన్నాడు. ఆయన మాటలో మోసం లేదు. అక్కడ ఉన్నదంతా ఆయన ఉన్నట్టే చెప్పాడు, నేనే వినలేదు.

శాంతిపురం ఆయన్ని వరండా చివరకు తీసుకుపోయి మొత్తం చెప్పాను. సముద్రం ఆ ఊళ్ళో మూడు వీధులు తిన్నదని, నాలుగోది మొదలుపెట్టిందని, నా కొలత కాగితం మీద ఉన్నదే తప్ప నేల మీద లేదని, ఇల్లు పదేళ్ళు కూడా నిలవకపోవచ్చని. ఆయన గోడకు ఆనుకున్నాడు. చాలాసేపు ఊపిరి కోసం చూసుకున్నాడు.

"ఆమెకు సెప్పాల" అన్నాను.

"సెప్పొద్దు సార్."

"నువ్వే కదప్పా అంటివి, నిలవదంటే వద్దని."

"అంటి. అప్పుడు నేనీడ పండుకోల్యా." ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "రెండేండ్లు సార్. వెల్లకిలా పండుకునే రెండేండ్లు. మీకు దండం పెడతా."

నిజంగానే వంగి నా కాళ్ళు పట్టుకోబోయాడు. వంగితే ఊపిరి ఆడదు ఆయనకు. ఎత్తి నిలబెట్టాను. ఆ క్షణంలో ఆయన స్వార్థపరుడనిపించింది. మరుక్షణం నేను మాత్రం ఆయన జాగాలో ఉంటే ఏం చేసేవాణ్ణి అనిపించింది. లోపలినుంచి పేర్లు పిలిచారు. ఆమె లేచి కొంగు సర్దుకుని నా పక్కనుంచే వెళ్ళింది. "అమ్మా, ఒక్క నిమిషం" అంటే చాలు. నోటిదాకా వచ్చింది. ఆమె వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటో తీశారు, సంతకం పెట్టమన్నారు. పెన్ను పట్టుకుని తల ఎత్తి, ఒకసారి నా వైపు చూసింది. నేను కిటికీలోనుంచి బయటకు చూశాను. ఆమె పెట్టేసింది.

పిల్లలూ, అదీ నా తప్పు. కొలతది కాదు. మంచులో టేపు ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు, దానికి నేను జవాబుదారీ కాను. ఆ కిటికీకి జవాబుదారీ నేనే. ఆ తర్వాత రెండేళ్ళు పని చేశాను కానీ టేపు బిగుసుకున్న ప్రతిసారీ అవతలి కొస దగ్గరికి పరుగెత్తి చూసి వచ్చేవాణ్ణి. నా మిత్రుడు నవ్వేవాడు. కళ్ళు మసకబారాయన్న వంకతో గది ఖాళీ చేశాను.

శాంతిపురం ఆయన డాక్టరు ఇచ్చిన గడువు దాటి, మొత్తం అయిదేళ్ళు బతికాడు. పోయాడని ఆమే ఫోను చేసి చెప్పింది. నెల మాసికం అయ్యాక వెళ్ళాను. చేసింది ఒప్పుకోకుండా నేను కూడా పోతానేమో అని భయం పట్టుకుంది.

ఇల్లు సగమే ఉంది. వెనక రెండు గదులు, వంటిల్లు నీళ్ళలోకి పోయాయి. నడవా తలుపు తీస్తే కింద అలలు. ఆమె ముందు గదిలో పొయ్యి పెట్టుకుని, వరండాలో నాలుగు కుండీల్లో టమోటా మొక్కలు వేసుకుని ఉంటోంది. కుర్చీ వేసి టీ ఇచ్చింది. చిక్కిపోయింది కానీ బెంగపడ్డ మనిషిలా లేదు.

"అమ్మా, నేను నీకు అన్యాయం చేసినాను" అని మొదలుపెట్టాను. ఫోను, పత్రాలు, వరండా చివర ఆయన మాట, కిటికీ అన్నీ చెప్పాను. ఆయన్ని తప్పు పట్టొద్దని, చెప్పకపోవడం నాదేనని అన్నాను. మాట తడబడింది, కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఆమె అంతా విని, పొయ్యి మీద పాలు దించి వచ్చి కూర్చుంది.

"నాకు తెలుసన్నా" అంది.

"ఆయన సెప్పినాడా?"

"ఆయన పోయేదాకా నాకు తెలీదనే అనుకోని పోయె. పాపం, అది మోసుకోనే తిరిగినాడు. నేనూ తెలీనట్టే ఉంటి. సంతకం పెట్టకముందే తెలుసు నాకు. మీరొచ్చి కొలిసినారే, ఆ పొద్దున్నే."

"ఎవరు సెప్పినారమ్మా?"

"పక్కింటామె. మీరు ముందరపక్క టేపు పట్టుకోని ఉంటిరి. నేను వెనకపక్క మొగం కడుక్కుంటాంటి. ఆమె వచ్చి గోడ కాడ నిలబడె. కొంటున్నారా అని అడిగె. అవునమ్మా అంటి. 'ఇది నిలవదమ్మా, మాదీ ఇలాగే పోయింది' అనె. అయితే కొనొద్దంటావా అంటి." ఆమె కొంగు సర్దుకుంది. "'మీ ఆయన రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు కదమ్మా' అనె. అంతేన్నా. ఇంగ నేనేమడుగుతా? అయిదేండ్లు నేను గూడా ఆయన పక్కన పడుకోని నిద్రపోయినా. మా నాయన ఇచ్చిన భూమి దానికి సాలు."

టీ గ్లాసు కింద పెట్టాను. ఏ పక్క ఇంటామె అని నేను అడగలేదు. ఆ ఇంటికి పడమర రోడ్డు, ఉత్తరాన సమాధుల తోట, దక్షిణాన తాళం వేసిన గోడౌను. నా చేత్తో నేను రాసి, ముద్ర కొట్టిన హద్దులే అవి.